మసరా నుంచి తెర దాకా

అడవిలోనో మంచులోనో చిక్కుకున్న మనుషుల సినిమా అనగానే ముందు ఒక విమానం కూలాలి, ఆ తర్వాత తోడేళ్లు చుట్టుముట్టాలి. హాలీవుడ్ మనకు నేర్పిన పద్ధతి అది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి చూస్తే విమానం కూలనక్కర్లేదు, క్షేమంగా దిగితే చాలు. విమానాశ్రయం బయట ఎవడో ఒకడు పాస్‌పోర్టు లాక్కొని, బండెక్కించుకొని, ఊరు కనపడని చోట దించి మేకలు చూపిస్తాడు. కఫీల్ (యజమాని), అకామా (నివాస అనుమతి), ఖుబూస్ (రొట్టె), ఔట్‌పాస్ (దేశం వదిలిపోయే కాగితం) లాంటి మాటలు బీడీలు చుట్టే వాకిళ్లలో కూడా వినపడే ప్రాంతం ఇది. యజమాని దగ్గర్నుంచి పారిపోయి కాగితాల్లేకుండా బతికేవాణ్ని 'కల్లివెల్లి' అంటారని ఇక్కడ చిన్న పిల్లలకూ తెలుసు. ఆ కథను తెర మీదికి తెచ్చిన పెద్ద సినిమా మాత్రం కేరళ నుంచి వచ్చింది. దాని పేరు 'ఆడుజీవితం'. తెలుగులో 'ది గోట్ లైఫ్' పేరుతో 2024 మార్చి 28న విడుదలైంది. అది తయారైన తీరు చెప్పుకోదగ్గది.

ముడిసరుకు ఒక నవల. బెన్యామిన్ రాసిన 'ఆడుజీవితం' 2008లో అచ్చవుతుంది, మరుసటి ఏడాది కేరళ సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చుకుంటుంది. నదిలో మునిగి ఇసుక తీసే నజీబ్ అనే కుర్రాడు సౌదీకి పోతాడు. అక్కడ దిగాక ఎడారి మధ్యలోని మసరాలో పడతాడు. మసరా అంటే మన దొడ్డే, మేకల్నీ ఒంటెల్నీ కట్టడి చేసే చోటు. మూడేళ్లకు పైగా అతను వాటి మధ్యే ఉంటాడు. తినడానికి ఎండిన ఖుబూస్, దాన్ని తడుపుకోవడానికి నీళ్లు, ఒక్కోసారి పచ్చి పాలు. నిజంగా అలా బతికొచ్చిన ఒక మనిషి చెప్పుకున్న అనుభవం మీదే బెన్యామిన్ ఈ నవల కట్టాడు. దర్శకుడు బ్లెస్సీ పుస్తకం చదివి సినిమా తీయాలనుకోవడానికీ మొదటి షాటు తీయడానికీ మధ్య దాదాపు పదేళ్లు గడుస్తాయి. డబ్బు దొరకకపోవడం అందుకు ఒక కారణం.

తర్వాతి పని స్క్రిప్టు. నవల నాలుగు భాగాలుగా నడుస్తుంది: జైలు, ఎడారి, పారిపోవడం, ఆశ్రయం. రియాద్‌లోని బత్హా పోలీసు స్టేషన్ ముందు, తమను అరెస్టు చేయమని ఎదురుచూసే ఇద్దరితో మొదలవుతుంది. మనిషి బతికి బయటపడ్డాడని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. పుస్తకంలో అది చెల్లుతుంది, ఎందుకంటే నజీబే మనకు కథ చెబుతుంటాడు. సినిమాలో ఆ గొంతును బ్లెస్సీ తీసేస్తాడు. మనిషిని నేరుగా విమానాశ్రయంలో దించి, ఎడారిలోకి తోసి, ఊరినీ నదినీ భార్యనూ జ్ఞాపకాలుగా మధ్యమధ్యలో ఇస్తాడు. బయటపడతాడో లేదో అన్న ప్రశ్న చివరిదాకా తెగదు. నా లెక్కలో ఈ సినిమాలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. మాట్లాడుకోవడానికి ఎవరూ లేని మనిషితో మూడు గంటలు నడపాలి. వెతికినా ఒక పేజీకి నాలుగు సంభాషణలు దొరకవు.

స్క్రిప్టు అయ్యాక చోటు వెతకాలి. కథ సౌదీది, కానీ చిత్రీకరణకు సౌదీ కుదరదు. జోర్డాన్ దక్షిణాన ఉన్న వాదీ రమ్‌ను ఎంచుకుంటారు. ఎర్రటి ఇసుక, దాని మధ్య నిట్టనిలువుగా లేచిన ఇసుకరాతి కొండలు. 1962 నాటి 'లారెన్స్ ఆఫ్ అరేబియా' నుంచి 2015 నాటి 'ది మార్షియన్' దాకా ఎన్నో సినిమాలకు అది ఎడారిగా, పరాయి గ్రహంగా పనికొచ్చింది. 2011లో యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కింది. అయితే నజీబ్ పారిపోయే దారికి కొండలు అడ్డం. కొండ కనపడితే ప్రేక్షకుడికి దిక్కు దొరుకుతుంది, దిక్కు దొరికితే భయం సగం పోతుంది. అలల్లా పోయే ఇసుక దిబ్బలు తప్ప ఇంకేమీ కనపడని చోటు కావాలి. అందుకోసం అల్జీరియాలోని సహారాకు పోతారు. తెర మీద ఒకే ఎడారిగా కనపడేది రెండు దేశాల ఇసుక.

చిత్రీకరణ 2018 మార్చిలో కేరళలో, నీళ్లలో మొదలవుతుంది. ఇందులో లెక్క ఉంది. నజీబ్ ఒళ్లు ఎడారికి పోకముందు నిండుగా ఉండాలి, కాబట్టి నది సీన్లు ముందు తీయాలి. నటుడు పృథ్వీరాజ్ సుకుమారన్ మొదట బరువు పెరుగుతాడు, పొట్ట వదులుతాడు. ఆ సీన్లు అయ్యాక తగ్గడం మొదలుపెడతాడు. మొత్తం 31 కిలోలు తగ్గాడని అతనే చెప్పాడు. తోటి కూలీ హకీమ్‌గా వేసిన కుర్రాడు గోకుల్ 20 కిలోలు తగ్గాడు. మేకప్ రంజిత్ అంబాడిది. పెరిగిన గోళ్లు, గారపట్టిన పళ్లు, ఇసుక కోసిన చర్మం, అట్టకట్టిన జుట్టు ఒక్కోటీ నెలలవారీగా లెక్కేసుకుని పెట్టాలి. ఎడారిలో ఎంతకాలం గడిచిందో చెప్పడానికి క్యాలెండర్ లేదు. గడ్డం పొడుగే క్యాలెండర్.

నజీబ్ బట్టలు విప్పి నీళ్లు పోసుకునే సీను ఒకటి ఉంది. మనిషి ఎంత శుష్కించిపోయాడో ప్రేక్షకుడు మొదటిసారి పూర్తిగా చూసేది అక్కడే. దానికోసం నటుడు మూడు రోజులు ఉపవాసం ఉంటాడు, చివర్లో మంచినీళ్లూ మానేస్తాడు. ఒంట్లో నీరు తగ్గితే చర్మం ఎముకకు అతుక్కుంటుంది, పక్కటెముకల నీడలు కెమెరాకు దొరుకుతాయి. ఛాయాగ్రాహకుడు సునీల్ కె.ఎస్. ఆ షాటును వెనక నుంచి, ఏ ఆర్భాటమూ లేకుండా, కొంచెం ఎడంగా నిలబడి తీస్తాడు. అంత కష్టపడి తయారు చేసిన ఒంటిని దగ్గరికి లాగి చూపించాలని ఎవరికైనా చెయ్యి పీకుతుంది. పీకినా లాగకపోవడం పనితనం.

2020 మార్చిలో వాదీ రమ్‌లో అసలు పని మొదలైన కొద్ది రోజులకే కరోనా వస్తుంది. మార్చి 24న చిత్రీకరణ ఆపుతారు. ఎడారి మధ్యలో వేరుగానే ఉన్నారు కదా అని జోర్డాన్ అధికారులు మళ్లీ ఒప్పుకుంటారు. మార్చి 27న ఆ అనుమతీ పోతుంది. విమానాల్లేవు, వెనక్కి రాలేరు. 58 మంది వాదీ రమ్ శిబిరంలో ఇరుక్కుపోతారు. తిండి, వసతి ఏప్రిల్ రెండో వారం దాకానే చూసుకుని పెట్టుకున్నారు. బృందంలో ఉన్న డాక్టరు ప్రతి 72 గంటలకు ఒక్కొక్కరినీ పరీక్షిస్తుంటాడు. ఇంటికి పోవడానికి వీల్లేక ఎడారిలో ఆగిపోయిన వాడి కథ తీయడానికి పోయినవాళ్లు రెండు నెలలు అదే ఎడారిలో ఆగిపోతారు. ఇద్దరి మధ్య ఒక్కటే తేడా. పాస్‌పోర్టులు వీళ్ల చేతిలోనే ఉన్నాయి. మే 22న ఎయిరిండియా ప్రత్యేక విమానంలో కొచ్చి చేరతారు.

ఈ ఆగిపోవడం వల్ల పోయింది రోజులు మాత్రమే కాదు. ఒక ఒళ్లు పోయింది. ఆకలితో తయారుచేసుకున్న ఆ శరీరాన్ని ఫ్రిజ్‌లో పెట్టి దాచలేరు. నటుడు ఇంటికొచ్చి మామూలుగా తింటాడు, వేరే సినిమాలు చేస్తాడు, బరువు తిరిగొస్తుంది. 2022లో సహారాకు బయల్దేరే ముందు మొత్తం మళ్లీ మొదటి నుంచి. అల్జీరియా తర్వాత మరోసారి వాదీ రమ్, చివరికి జులైలో కేరళలో ముగింపు. నాలుగేళ్ల తేడాతో తీసిన రెండు షాట్లు తెర మీద పక్కపక్కనే పడతాయి. ఎక్కడ అతికారో నేను కనిపెట్టలేకపోయాను.

ఇసుకలో పని ఎలా సాగుతుందో కొంచెం చెప్పాలి. మామూలు సినిమాలో షాటు చెడితే 'వన్ మోర్' అంటారు, నటుడు వెనక్కి నడిచొచ్చి మళ్లీ మొదలుపెడతాడు. దిబ్బ మీద అలా కుదరదు. మనిషి ఒకసారి నడిస్తే అడుగులు పడిపోతాయి. దారి తెలియని మనిషి ముందు ఇసుకలో అప్పటికే అడుగులుంటే కథే చెడుతుంది. రెండో టేకుకు కొత్త దిబ్బ వెతకాలి, లేదా కెమెరాను పక్కకు జరపాలి, లేదా గాలి వచ్చి చెరిపేదాకా కూర్చోవాలి. కెమెరా, ట్రాలీ, మంచినీళ్ల డబ్బాలు, భోజనాలు ఏవీ ఫ్రేము వైపు నుంచి రాకూడదు, చుట్టు తిరిగి రావాలి. పొద్దున, సాయంత్రం ఏటవాలు వెలుగులో ఇసుక అలలు కనపడతాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు దిబ్బ తెల్ల కాగితంలా చదునైపోతుంది. అందుకే రోజు మొత్తం ఎండలో ఉన్నా మంచి వెలుగు దొరికేది ఆ రెండు పూటలే.

ఇక జంతువులు. మేకలు, ఒంటెలు నిజమైనవే. వాటికి నటన రాదు, అలవాటే నటన. మేత పెట్టినవాడి వెంట మంద నడుస్తుంది. మన గొల్లకుర్మల్ని అడిగినా అదే చెప్తారు. మంద మధ్యలో నజీబ్ కొత్తవాడిగా బెదిరిపోయే సీన్లు ముందు తీసి, మంద అతన్ని పట్టించుకోకుండా పక్కన పడుకునే సీన్లు తర్వాత తీయడం తెలివైన వరస. సినిమా జరిగేకొద్దీ నజీబ్ నడక, మూలుగు, నీళ్ల తొట్టి మీదికి వంగే తీరు మేకల్లోకి జారిపోతుంటాయి. మొదట్లో చూసి చీదరించుకున్న తొట్టిలోనే మూతి పెడతాడు.

ప్రమాదకరమైనవి రాబందులు, పాములు. నజీబ్ కన్నా ముందు నుంచి అక్కడే మగ్గుతున్న ముసలి కాపరి ఒకరోజు కనపడకుండా పోతాడు. ఇసుకలోంచి పైకి తేలిన చెయ్యి నజీబ్‌కు కనపడుతుంది. దగ్గరికి పోతే రాబందులు మీద పడతాయి. ఇలాంటి షాటుకు పక్షుల్ని పట్టుకొచ్చి ఎగరేయలేరు. మన దేశంలో తీసినా దారి అంతే. పులి, సింహం, చిరుత, ఎలుగుబంటి, కోతులతో ఆటలాడించకూడదని 1998లోనే నిషేధం ఉంది. మిగతా జంతువులకు 2001 నిబంధనల ప్రకారం జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి, అది లేకపోతే సెన్సారు వాళ్లు సర్టిఫికెట్ ఇవ్వరు. రాబందుల్ని నిజంగా చూడాలనుకున్న మన జిల్లాల వాళ్లకు బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట ఉండేది. పశువుల మందు డైక్లోఫెనాక్ దెబ్బకు దేశమంతా తుడిచిపెట్టుకుపోయిన పొడుగు ముక్కు రాబందులు ఆ గుట్ట అంచున గూళ్లు కట్టుకున్నాయి.

తెర మీద పడే రాబందు కంప్యూటర్లో పుడుతుంది. వరస ఇలా ఉంటుంది. ముందు నటుడు ఒక్కడే ఖాళీ గాలితో పెనుగులాడతాడు. దీన్ని ప్లేటు అంటారు. అదే చోట, అదే వెలుగులో ఒక బూడిదరంగు బంతిని, అద్దంలా మెరిసే ఇంకో బంతిని పట్టుకుని ఫొటోలు తీస్తారు. ఎండ ఏ పక్క నుంచి ఎంత పడిందో ఆ బంతులే చెప్తాయి. స్టూడియోలో పక్షి ఆకారం చేస్తారు, లోపల ఎముకలు, కీళ్లు పెడతారు, పైన ఈకలు ఒక్కో పొరగా పరుస్తారు. తర్వాత యానిమేటరు రెక్క ఊపు, మెడ విదిలింపు ఇస్తాడు. చివర్లో పక్షి నీడ నటుడి వీపు మీద పడేలా, రెక్కల గాలికి అక్కడి ఇసుక లేచేలా రెండింటినీ కలుపుతారు. సెకనుకు 24 ఫ్రేములు. పది సెకన్ల పెనుగులాటకు 240. ఒక్కో ఫ్రేమును కంప్యూటరు గీసుకోవడానికి నిమిషాల నుంచి గంటల దాకా పడుతుంది. ఇంత చేసినా నటుడు ఖాళీ గాలిని సరైన చోట కొట్టకపోతే మొత్తం వృథా. పక్షి బరువు తెలిసేది పక్షి బొమ్మలో కాదు, మనిషి మెడ వంగడంలో.

పాముల సీను పారిపోయే దారిలో వస్తుంది. నజీబ్, హకీమ్‌లకు దారి చూపే ఆఫ్రికా మనిషి ఇబ్రహీం ఖాదిరి వాళ్లను కదలకుండా ఉండమంటాడు. హైతీలో పుట్టిన జిమ్మీ జాన్ లూయీ ఆ పాత్ర వేశాడు. ఇసుకలో పాము పోయే తీరు వేరు. అరేబియా కొమ్ముల పాము ముందుకు పాకదు, ఒంటిని వంపుగా ఎత్తి పక్కకు విసురుకుంటూ పోతుంది, వెనక ఏటవాలు గీతల జాడ మిగులుతుంది. నాకు మాత్రం సినిమాలో రాబందులు పట్టినంతగా పాములు పట్టలేదు. గుంపు ఎక్కువై, భయం పలచబడింది.

చిత్రీకరణ ముగిసినప్పటి నుంచి విడుదలకు ఇంకో ఇరవై నెలలు. కత్తెర పట్టింది అక్కినేని శ్రీకర్ ప్రసాద్. ఎల్.వి.ప్రసాద్ తమ్ముడు అక్కినేని సంజీవి కొడుకు, 'ఆర్ఆర్ఆర్' ఎడిటరు, అంటే మనవాడే. ఎడారి సినిమాకు కత్తెర వేయడంలో ఒక చిక్కుంది. విసుగు చూపించాలి, విసుగు పుట్టకూడదు. 173 నిమిషాలకు తేల్చారు. నా మట్టుకు పారిపోయే భాగంలో ఇంకో పది నిమిషాలు పోయినా నష్టం లేదు. శబ్దం రసూల్ పూకుట్టిది, 'స్లమ్‌డాగ్ మిలియనీర్'కు ఆస్కార్ తీసుకున్న మనిషి. సంగీతం ఎ.ఆర్.రెహమాన్. రెండు దేశాల ఇసుక ఒకే రంగులోకి రావడానికి కలరిస్టు ప్రతి షాటునూ సరిదిద్దాడు. కేరళ రాష్ట్ర అవార్డుల్లో సినిమాకు దక్కిన తొమ్మిదిలో నటన, దర్శకత్వం, ఛాయాగ్రహణం, మేకప్, సౌండ్ మిక్సింగ్‌లతోపాటు రంగుల పనికీ ఒకటి ఉంది. మొత్తం ఖర్చు 82 కోట్లని బ్లెస్సీ చెప్పాడు.

ఇక తెలుగు. డబ్బింగ్‌కు సినిమా రెండు ముక్కలుగా వస్తుంది. బొమ్మ ఒకటి, మాటలు తీసేసి సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్న ట్రాక్ ఒకటి. దీన్ని ఎం అండ్ ఈ అంటారు. మాటల రచయిత మలయాళం వాక్యం పొడవు కొలుస్తాడు, నటుడి పెదవులు ఎక్కడ మూసుకుంటున్నాయో గుర్తు పెట్టుకుంటాడు. ప, బ, మ పలకాలంటే పెదవులు కలవాలి, అక్కడ తెలుగులోనూ అలాంటి అక్షరమే పడాలి. క్లోజప్‌లో తప్పితే చిన్న పిల్లాడూ పట్టేస్తాడు. తర్వాత చీకటి గదిలో డబ్బింగ్ కళాకారుడు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కో వాక్యం చూస్తూ చెప్తాడు, కుదరకపోతే అదే ముక్క మళ్లీ తిరుగుతుంది. ఇలాంటి సినిమాలో అసలు పరీక్ష మాటలకు కాదు, ఊపిరికి. రొప్పడం, ఎక్కిళ్లు, దాహంతో గొంతు అంటుకుపోవడం మూల నటుడివే ఉంచేసి మాట మాత్రం వేరేవాడిదైతే మనిషి రెండుగా విడిపోతాడు. గల్ఫ్ కథకు తెలుగు మాటలు రాసేవాళ్లు ఎవరైనా సరే, రాయబోయే ముందు ఒక పూట కోరుట్ల బస్టాండులో కూర్చుంటే మంచిది. కావలసిన మాటలన్నీ అక్కడే తిరుగుతుంటాయి.

ఒక్క విషయంలో డబ్బింగ్‌కు పని లేదు. కఫీల్ అరుపులు అరబ్బీలోనే ఉంటాయి. ఒమన్ నటుడు తాలిబ్ అల్ బలూషీ తిట్టే తిట్లకు కింద అక్షరాలూ పడవు. నజీబ్‌కు అర్థం కానిది ప్రేక్షకుడికీ అర్థం కాకూడదన్నది లెక్క.

తెలుగు ప్రతికి విడిగా సెన్సారు సర్టిఫికెట్ తీసుకుని డీసీపీ చేస్తారు. వెనకటి రీలు డబ్బాల స్థానంలో వచ్చిన డిజిటల్ ప్యాకెట్ ఇది. 173 నిమిషాలంటే 2,49,120 ఫ్రేములు. పూర్తి నాణ్యతతో పెడితే 300 జీబీ దాటిపోతుంది. దానికి తాళం వేసి ఉంటుంది. ఏ హాలు, ఏ ప్రొజెక్టరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది రాసిన తాళంచెవి ఫైలు విడిగా వస్తుంది, గడువు దాటితే ఆట పడదు. తెలుగులో మైత్రీ మూవీ మేకర్స్ విడుదల చేసింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ పంపిణీ లెక్కల్లో నైజాం కిందికే వస్తాయి. విడుదల నాటికి, తెలంగాణ ప్రభుత్వం 2021 డిసెంబరులో ఇచ్చిన జీవో 120 ప్రకారం, ఏసీ హాలులో టికెట్ 50 నుంచి 150 రూపాయలు, ఏసీ లేని హాలులో 30 నుంచి 70, పైన జీఎస్టీ ఉండేది.

'ది గోట్ లైఫ్' విడుదలైన మరుసటి రోజే, మార్చి 29న, 'టిల్లు స్క్వేర్' వచ్చింది. ప్రపంచమంతా కలిపి 150 కోట్లు దాటిన 'ది గోట్ లైఫ్' తెలుగులో పెద్దగా ఆడలేదు. ఇలాంటిది మనమే తీయలేమా అంటే, 'బలగం' తీసిన వేణు యెల్దండి ఊరు సిరిసిల్ల, గంగవ్వతో 'మై విలేజ్ షో' నడిచే లంబాడిపల్లి జగిత్యాల జిల్లా. కెమెరా తెలిసిన చేతులు మన దగ్గరా ఉన్నాయి. 2017లో 'గల్ఫ్' పేరుతో పి.సునీల్ కుమార్ రెడ్డి ఒక సినిమా తీశాడు. ఆ తర్వాత ఈ కథను ఇంత ఓపికతో పట్టుకున్న తెలుగు సినిమా రాలేదు. కథలకు కరువేమీ లేదు. 2024 జులైలో నిర్మల్ జిల్లా మనిషి ఒకరు గల్ఫ్ ఎడారిలో ఒంటెల మధ్య నుంచి తనను ఇంటికి చేర్చమని వీడియో పంపాడు, తర్వాత తిరిగొచ్చాడు. అదే నెల 19న 'ది గోట్ లైఫ్' నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది, తెలుగులోనూ ఉంది. ఇంట్లో గల్ఫ్ చేసి వచ్చిన పెద్దమనిషి ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఆ అరబ్బీ తిట్లకు అర్థం ఆయనే చెప్తాడు.